సీఏ కొత్త విధానం: పేపర్లు తగ్గాయి, వరస మారింది

ఒంగోలులోని ఒక డిగ్రీ కళాశాలలో ఇంటర్, డిగ్రీ కామర్స్ విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు చేసిన ప్రసంగ పాఠం. ప్రసంగించినవారు ఒంగోలులో ప్రాక్టీసు చేస్తున్న చార్టర్డ్ అకౌంటెంట్.

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. కందుకూరు, పొదిలి, కావలి వైపు నుంచి బస్సెక్కి వచ్చిన తల్లిదండ్రులు కూడా ఉన్నారని మాష్టారు చెప్పారు. మీరు ఒక పూట పని మానుకుని వచ్చారు కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వెళ్తాను.

ఈమధ్య మా ఆఫీసుకి ఏ పిల్లవాణ్ణి తీసుకొచ్చినా తండ్రి అడిగే మొదటి మాట ఒకటే. “సీఏ రెండేళ్ళు చేశారంట కదా సార్, సులువైపోయిందంట కదా?” ఈ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. పెద్ద ఊళ్ళ నుంచి వచ్చే కోచింగ్ కరపత్రాల్లో పుట్టింది. సగం నిజం చెప్పి ఫీజు మొత్తం కట్టించుకునే పద్ధతి అది. రెండేళ్ళు అయింది సీఏ కాదు, ఆర్టికల్‌షిప్, అంటే సీఏ ఆఫీసులో పనిచేస్తూ తీసుకునే ట్రైనింగ్. ఈ ఒక్క తేడా తెలియక ఇంట్లో లెక్కలు వేసుకుని, తర్వాత డబ్బుకీ టైముకీ ఇబ్బంది పడుతున్న కుటుంబాలు మన జిల్లాలో చాలా ఉన్నాయి. నేను ఈవేళ రావడానికి కారణం అదే.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న ఏర్పాటు చేసుకుందాం. నేను ఉత్తినే ఇంటర్ అంటే మీ జూనియర్ కాలేజీ ఇంటర్. సీఏలో ఫౌండేషన్, ఇంటర్, ఫైనల్ అని మూడు మెట్లు. అందులో రెండో మెట్టుని సీఏ ఇంటర్ అంటాను. లేకపోతే మధ్యలో గందరగోళం అవుతుంది.

సీఏ చదువు నడిపేది ఐసీఏఐ, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా. 1949లో పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడిన సంస్థ. ఆ సంస్థ చదువు విధానాన్ని కొన్నేళ్ళకోసారి మారుస్తుంది. మా తర్వాతివాళ్ళు మొదటి మెట్టుగా సీపీటీ అనే పరీక్ష రాశారు, 2017లో మళ్ళీ ఫౌండేషన్ వచ్చింది. ఇప్పుడు నడుస్తున్న కొత్త విధానం 2023 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీని రాసుకోండి. మీ అన్నో అక్కో ఇప్పటికే సీఏలో ఉంటే వాళ్ళకి ఏది వర్తిస్తుంది, ఏది వర్తించదు అనేది చాలావరకు ఆ తేదీ మీదే ఆధారపడి ఉంటుంది.

పాత విధానంలో ఫౌండేషన్‌కి 4 పేపర్లు, సీఏ ఇంటర్‌కి 8, ఫైనల్‌కి 8, మొత్తం 20. కొత్తదాంట్లో 4, 6, 6 కలిపి 16. ఈ లెక్క చూసే అందరూ సులువైంది అంటున్నారు. ఫైనల్‌లో తీసేసిన పేపర్లు ఎక్కడికీ పోలేదు, వేరే రూపంలో కూర్చున్నాయి. అది తర్వాత చెప్తాను.

ఇక కాలం. ఫౌండేషన్‌కి రిజిస్టర్ అయ్యాక 4 నెలలు చదువు. అది పాసై సీఏ ఇంటర్‌కి రిజిస్టర్ అయితే 8 నెలలు. సీఏ ఇంటర్ పేపర్లు రెండు గ్రూపులుగా ఉంటాయి, ఆ రెండూ పాసయ్యాక ఆర్టికల్‌షిప్ 24 నెలలు. అది ముగిశాక ఫైనల్ రాయడానికి 6 నెలలు. కూడితే 42 నెలలు. మూడున్నరేళ్ళు. ప్రతి పరీక్షా మొదటిసారే పాసైతే, అదీ ఫలితాల కోసం ఎదురుచూసే రోజులు కలపకుండా. ఇంట్లో ప్లాన్ వేసుకునేటప్పుడు ఇంటర్ అయ్యాక అయిదేళ్ళు అనుకుని వేసుకోండి. అంతకంటే ముందే అయితే సంతోషమే. రెండేళ్ళు అనుకుని బయల్దేరితే మాత్రం రెండో ఏడాది చివర ఇంట్లో గొడవలు మొదలవుతాయి. పిల్లవాడి తప్పేమీ ఉండదు, పాపం మాట పడతాడు.

ఫౌండేషన్ సంగతి చూద్దాం. అకౌంటింగ్, బిజినెస్ లాస్, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, బిజినెస్ ఎకనామిక్స్. ఒక్కోటి 100 మార్కులు. ప్రతి పేపర్లో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. మొదటి రెండూ రాసే పేపర్లు, తర్వాతి రెండూ బిట్లు. బిట్లలో తప్పు పెడితే పావు మార్కు పోతుంది. ఎంసెట్ అలవాటుతో తెలియనివన్నీ గుడ్డిగా పెట్టుకుంటూ పోతే ఇక్కడ నష్టం. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. సీఈసీ, ఎంఈసీ వాళ్ళే రాయాలని లేదు. ఎంపీసీ పిల్లలు లెక్కల పేపర్లో నిలబడతారు, అకౌంటింగ్‌లో మొదటి రెండు నెలలు తడబడతారు. సీఈసీ పిల్లలకి దీనికి తిరగబడి ఉంటుంది.

పాత ఫౌండేషన్‌లో లా పేపర్లో 40 మార్కులకి ఇంగ్లీషు ఉత్తరాలు, రిపోర్టులు రాయడం ఉండేది. దాన్ని తీసేశారు. ఎకనామిక్స్ పేపర్లో కమర్షియల్ నాలెడ్జ్ 40 మార్కులకి ఉండేది, అదీ తీసేశారు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఇది విని ఊపిరి పీల్చుకుంటున్నారు. మీకు నేను కొంచెం గట్టిగా చెప్పాలి. సీఏ పరీక్షలు రాయడానికి ఉన్న భాషలు ఇంగ్లీషు, హిందీ. తెలుగు లేదు. ఇంగ్లీషు పరీక్ష తీసేశారు గాని, లా పేపర్ మొత్తం ఇంగ్లీషులోనే రాయాలి. ఒక సమస్య ఇస్తారు. ఫలానావాడు సరుకు అమ్మాడు, డబ్బు రాలేదు, ఒప్పందం చెల్లుతుందా లేదా అని. చట్టం ఏం చెప్తుంది, ఈ కేసుకి అది ఎలా వర్తిస్తుంది, చివరికి తేలిందేమిటి అని మూడు ముక్కలుగా, సరైన పదాలతో రాయాలి. విషయం తెలిసి కూడా రాయలేక 30 దగ్గర ఆగిపోయినవాళ్ళని నేను చూశాను. కనిగిరి వైపు నుంచి, వెలిగండ్ల వైపు నుంచి తెలుగు మీడియంలో చదివొచ్చి సీఏ అయినవాళ్ళు కూడా ఉన్నారు, కుదరదని ఎవరూ అనుకోవద్దు. వాళ్ళు చేసింది ఒక్కటే. రోజూ ఒక లా సమస్యకి జవాబు చేత్తో రాసి ఎవరికైనా చూపించారు. మొబైల్‌లో వీడియోలు చూస్తూ కూర్చుంటే చెయ్యి తిరగదు.

ఖర్చు సంగతి తల్లిదండ్రులకి. ఐసీఏఐ స్టడీ మెటీరియల్ వాళ్ళ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. ఐసీఏఐలో చదువు సంగతి చూసే విభాగం, బోర్డ్ ఆఫ్ స్టడీస్ వాళ్ళు ఆన్‌లైన్‌లో లైవ్ క్లాసులు ఉచితంగా చెప్తారు. మోడల్ పరీక్షలు, రివిజన్ పేపర్లు అన్నీ అక్కడే. ఇంట్లో కుదురుగా కూర్చుని చదవగలిగిన పిల్లవాడికి ఫౌండేషన్ దాకా ఇవి చాలు. కూర్చోలేనివాడికి కోచింగ్ పెట్టండి, తప్పులేదు. కానీ ఫైనల్ దాకా కలిపి ఒకేసారి కట్టేయమంటే కట్టొద్దు. ఏ మెట్టుకి ఆ మెట్టుకే కట్టండి. ఫౌండేషన్ రాశాక పిల్లవాడికి ఈ చదువు నచ్చకపోతే మానుకునే వీలు వాడికి ఉండాలి. లక్షలు కట్టేసిన తండ్రి ముఖం చూసి, నచ్చని చదువులో ఏళ్ళకేళ్ళు గడిపే పిల్లల్ని చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

పరీక్షలు ఇప్పుడు ఏడాదికి మూడుసార్లు. ఫౌండేషన్, సీఏ ఇంటర్‌కి 2024 నుంచి, ఫైనల్‌కి 2025 నుంచి ఈ పద్ధతి వచ్చింది. జనవరి, మే లేదా జూన్, సెప్టెంబరు. ఫౌండేషన్ జనవరిలో రాయాలంటే సెప్టెంబరు 1 లోపు, మే-జూన్‌లో రాయాలంటే జనవరి 1 లోపు, సెప్టెంబరులో రాయాలంటే మే 1 లోపు రిజిస్టర్ అయి ఉండాలి. పదో తరగతి పాసైనవాళ్ళు తాత్కాలికంగా పేరు నమోదు చేసుకోవచ్చు, కాబట్టి సెకండియర్ చదువుతున్న పిల్లలు డిసెంబరులోనే ఆ పని ముగించుకుంటే వేసవిలో పరీక్ష రాయగలరు. ఇంటర్ మార్కులొచ్చాక చూద్దాంలే అని కూర్చుంటే ఆ వేసవి పోతుంది.

ఇప్పుడు అసలు మార్పు దగ్గరికొద్దాం. దీనిమీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను.

పాత విధానంలో సీఏ ఇంటర్ ఒక గ్రూపు పాసైతే చాలు, ఆర్టికల్‌షిప్‌లో చేరిపోవచ్చు. మూడేళ్ళు ఆడిట్ ఆఫీసులో పనిచేస్తూ రెండో గ్రూపు రాసుకునేవాళ్ళు. ఫైనల్ కూడా ట్రైనింగ్ చివరి ఆరు నెలల్లో రాయొచ్చు. పనీ చదువూ కలిసి నడిచేవి. 2023 జులై 1 తర్వాత చేరేవాళ్ళకి అలా కాదు. రెండు గ్రూపులూ పాసవ్వాలి. నాలుగు వారాల ఐసీఐటీఎస్ఎస్, అంటే కంప్యూటర్ కోర్సు, ఓరియెంటేషన్ కోర్సు పూర్తిచేయాలి. అప్పుడే ఆర్టికల్‌షిప్. అదయ్యాక ఆరు నెలలు ఆగి ఫైనల్. నారు బాగా ఎదిగాకే నాటు అన్నట్టు పెట్టారు.

ఇది మంచిదా చెడ్డదా అని అడుగుతారు. ఆఫీసు నడిపేవాడిగా నాకు మంచిదే. పాత పద్ధతిలో పిల్లలు పరీక్షల ముందు నెలలు నెలలు సెలవు పెట్టేవాళ్ళు. సెప్టెంబరులో టాక్స్ ఆడిట్లు నెత్తిమీద ఉంటాయి, నవంబరు పరీక్షకి ఆగస్టులోనే పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళు. మూడేళ్ళకి 156 రోజుల సెలవు ఉండేది, అదంతా పుస్తకాలకే పోయేది. పని నేర్చుకున్నది తక్కువ. ఇప్పుడు రెండేళ్ళకి కలిపి 24 రోజులే సెలవు. మధ్యలో గ్రూపు పరీక్షల టెన్షన్ లేదు. రెండేళ్ళూ మనసు పెట్టి పని నేర్చుకోవచ్చు.

కుటుంబం వైపు నుంచి చూస్తే కష్టం ఉంది. పాత పద్ధతిలో ఒక గ్రూపు పాసైన పిల్లవాడికి స్టైపెండ్ మొదలయ్యేది. చిన్న మొత్తమే అయినా రూము అద్దె, మెస్ బిల్లు గడిచేవి. ఇప్పుడు రెండు గ్రూపులు పాసయ్యేదాకా ఇంటి నుంచే పంపాలి. ఒక గ్రూపు దగ్గర ఆగిపోతే అటు ట్రైనింగూ లేదు, ఇటు డిగ్రీ కూడా చేతిలో ఉండకపోవచ్చు. కౌలు రైతు ఇంటి నుంచి, రొయ్యల చెరువు దగ్గర కాపలా పని చేసుకునే ఇంటి నుంచి వచ్చే పిల్లవాడికి సీఏ ఇంటర్ చదివే ఏడాదే అన్నిటికంటే గడ్డు ఏడాది. సంస్థ ఈ విషయం ఇంకా ఆలోచించాల్సి ఉందని నా అభిప్రాయం. అవసరం, ప్రతిభ రెండూ చూసి ఇచ్చే స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి, వాటికి దరఖాస్తు పెట్టుకోవడం మరచిపోవద్దు. అంతకుమించి నా సలహా, సీఏ ఇంటర్ చదివే ఏడాది పిల్లవాణ్ణి వీలైతే ఇంట్లోనే ఉంచండి. ఒంగోలులోనో నెల్లూరులోనో డిగ్రీలో చేర్చండి. హాస్టల్ ఖర్చు తగ్గుతుంది, డిగ్రీ కూడా చేతికొస్తుంది. ఆర్టికల్‌షిప్‌లో చేరాక డిగ్రీ సంగతి సంస్థ నిబంధనలు చూసుకుని, అనుమతి అవసరమైతే తీసుకుని చదవాలి. వారానికి కనీసం 35 గంటలు ఆఫీసులో ఉండాలి, రోజూ కాలేజీకి వెళ్ళి కూర్చోవడం ఎలాగూ కుదరదు.

సీఏ ఇంటర్‌లో ఆరు పేపర్లు. మొదటి గ్రూపులో అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్, కార్పొరేట్ లా, టాక్సేషన్. టాక్సేషన్‌లో సగం ఇన్‌కమ్ టాక్స్, సగం జీఎస్టీ. రెండో గ్రూపులో కాస్టింగ్, ఆడిటింగ్, తర్వాత ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్ కలిపి ఒకటి. ప్రతి పేపర్లో 30 మార్కులకి బిట్లు ఉంటాయి, అవీ ఒక కేసు ఇచ్చి దానిమీద అడిగేవి. ఒక జాగ్రత్త చెప్తాను. 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. సెక్షన్ల నంబర్లే మారిపోయాయి. ఏ పరీక్షకి ఏ చట్టం చదవాలో బోర్డ్ ఆఫ్ స్టడీస్ ప్రకటిస్తుంది, అది చూసుకున్నాకే పుస్తకం కొనండి. మన దగ్గర సీనియర్ల పుస్తకాలు సగం ధరకి కొనుక్కునే అలవాటు ఉంది. అకౌంటింగ్‌కి, కాస్టింగ్‌కి సిలబస్ అదే అయితే ఫర్వాలేదు. టాక్స్ పుస్తకం మాత్రం పాతది ముట్టుకోవద్దు.

ఆర్టికల్‌షిప్ ఎక్కడ చేయాలి? హైదరాబాదు, చెన్నై వెళ్తేనే పని వస్తుందని ఒక నమ్మకం ఉంది. పెద్ద కంపెనీల ఆడిట్ చూడాలంటే వెళ్ళాలి, నిజమే. కానీ మన దగ్గర ఏం దొరుకుతుందో తెలుసుకోండి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ విదేశాలకి పోతుంది. ఎల్‌యూటీ అనే హామీ పత్రం పెట్టి పన్ను కట్టకుండా ఎగుమతి చేయడం, కొనుగోళ్ళ మీద కట్టిన ఇన్‌పుట్ టాక్స్ రిఫండ్ తెచ్చుకోవడం, షిప్పింగ్ బిల్లులు జీఎస్టీ రిటర్న్‌తో సరిపోల్చడం ఇక్కడ మొదటి ఏడాదే నేర్చుకుంటారు. పొగాకు రైతు దగ్గర ఆకు కొన్న రిజిస్టర్డ్ వ్యాపారి జీఎస్టీని రివర్స్ చార్జి కింద తనే కట్టాలి. పుస్తకంలో ఇది రెండు లైన్లు. టంగుటూరులోనో కొండపిలోనో వేలం జరిగి, బిల్లు మీ బల్ల మీదికి వస్తే దాని లోతు తెలుస్తుంది. నెల్లూరు వైపు రైసు మిల్లుల్లో ధాన్యం ఎంత వచ్చింది, బియ్యం, నూక, తవుడు ఎంత వచ్చాయి అని దిగుబడి లెక్క చూస్తే స్టాకు ఆడిట్ అంటే ఏమిటో అర్థమవుతుంది. ఇవన్నీ చిన్న ఆఫీసుల్లో ఒక్క పిల్లవాడి చేతిమీదుగానే మొదటి నుంచి చివరి దాకా నడుస్తాయి. పెద్ద ఆఫీసులో ఒకే ముక్క చేయిస్తారు. రెండేళ్ళే ఉన్నప్పుడు ఇది ఆలోచించుకోవాల్సిన విషయం. ఎక్కడ చేరినా చేరే ముందు ఒక్కటి అడగండి. నాకు ఏ పనులు ఇస్తారు, ఎవరు నేర్పుతారు అని. ఆ ప్రశ్నకి విసుక్కునే చోట చేరొద్దు.

ఇక ఫైనల్‌లో పోయిన పేపర్ల సంగతి. సెల్ఫ్ పేస్డ్ ఆన్‌లైన్ మాడ్యూల్స్ అని నాలుగు సెట్లు పెట్టారు. సెట్ ఏ ఆర్థిక, కార్పొరేట్ చట్టాలు. సెట్ బి కాస్ట్ మేనేజ్‌మెంట్. ఈ రెండూ తప్పనిసరి. సి, డి సెట్లలో ఇచ్చిన జాబితాలోంచి ఒక్కోటి ఎంచుకోవాలి. సి లో ఫోరెన్సిక్ అకౌంటింగ్, వాల్యుయేషన్, దివాలా చట్టం లాంటివి ఉన్నాయి. డి లో రాజ్యాంగం, మనస్తత్వ శాస్త్రం, స్టార్టప్‌లు, డిజిటల్ వ్యవస్థలు ఉన్నాయి. ఒక్కోదానిలో 50 శాతం తెచ్చుకోవాలి. ఫైనల్ రాసేలోపు నాలుగూ పాసవ్వాలి. వీటిని ఆర్టికల్‌షిప్ చేస్తూ ఎవరి వీలునిబట్టి వాళ్ళు రాసుకోవచ్చు. చివరికి చూద్దాంలే అని నాలుగూ మిగుల్చుకున్నవాళ్ళు, ఫైనల్‌కి ఇచ్చిన ఆరు నెలల్లో సగం వీటికే పోగొట్టుకుంటున్నారు. మొదటి ఏడాది ఏ, బి, రెండో ఏడాది సి, డి అని నేను మా పిల్లలకి నియమం పెట్టాను. ఏఐసీఐటీఎస్ఎస్, అంటే ముందు చెప్పిన ఐసీఐటీఎస్ఎస్‌కి పై స్థాయి కోర్సు, అది కూడా ఫైనల్‌కి ముందే ముగించాలి. ఫైనల్‌లో ఆరో పేపరు అన్ని సబ్జెక్టులూ కలిపిన కేసు స్టడీ, పుస్తకాలు చూసి రాయొచ్చు. పుస్తకం చూడొచ్చు కదా అని తేలిగ్గా తీసుకోకండి, ఏ పుస్తకంలో ఏ చోట ఉందో తెలియనివాడికి ఆ పుస్తకాలు బరువే తప్ప సాయం కాదు.

ఇప్పుడు పాత విధానంలో మొదలుపెట్టి మధ్యలో ఉన్నవాళ్ళు. ఈ హాల్లో కొంతమంది ఉన్నారని తెలుసు. పాత సిలబస్ ఆఖరి పరీక్షలు సీఏ ఇంటర్, ఫైనల్‌కి 2023 నవంబరులో, ఫౌండేషన్‌కి డిసెంబరులో అయిపోయాయి. 2024 మే, జూన్ నుంచి అందరూ కొత్త సిలబస్సే. నేను పాతదే రాస్తానంటే కుదరదు.

2023 జూన్ 30 లోపు ఆర్టికల్‌షిప్‌లో చేరినవాళ్ళకి మూడేళ్ళే. పక్కవాడికి రెండేళ్ళు కదా అని అడిగి లాభం లేదు. ఆఖరి రోజు చేరినవాళ్ళకి కూడా 2026 జూన్ నాటికి మూడేళ్ళు నిండుతాయి. వాళ్ళకి ఉన్న ఒక వెసులుబాటు, ట్రైనింగ్ చివరి ఆరు నెలల్లో ఉండగానే ఫైనల్ రాయొచ్చు, కొత్తవాళ్ళలా ముగిశాక ఆరు నెలలు ఆగక్కర్లేదు.

ఒక గ్రూపు పాసై 2023 జూన్ 30 నాటికి ఆర్టికల్‌షిప్‌లో చేరనివాళ్ళే ఎక్కువ నష్టపోయారు. ఇప్పుడు వాళ్ళు రెండో గ్రూపు కూడా పాసైతేనే చేరగలరు. పాతదాంట్లో కాస్టింగ్ మొదటి గ్రూపులో ఉండేది, ఇప్పుడు రెండో గ్రూపుకి వెళ్ళింది. కాబట్టి నాకు ఒక గ్రూపు అయిపోయింది, ఇంకో గ్రూపే మిగిలింది అని లెక్క వేసుకోకండి. పేపరు వారీగా చూసుకోవాలి. ఐసీఏఐ వాళ్ళ సెల్ఫ్ సర్వీస్ పోర్టల్‌లో మీ లాగిన్‌తో వెళ్తే ఏ పేపరుకి మినహాయింపు ఉందో కనిపిస్తుంది. అది చూసి, ప్రింటు తీసుకుని, అప్పుడు పుస్తకాలు కొనండి. ఫైనల్‌లో పాత లా పేపరు దాటినవాళ్ళకి సెట్ ఏ, పాత కాస్ట్ మేనేజ్‌మెంట్ పేపరు దాటినవాళ్ళకి సెట్ బి మినహాయింపు ఉంది. ఇది తెలియక మళ్ళీ చదివేవాళ్ళు ఉన్నారు, అందుకే చెప్తున్నాను.

గ్రూపు ఫెయిలైనా ఒక పేపర్లో 60 మార్కులు వస్తే ఆ పేపరు మళ్ళీ రాయక్కర్లేదు, తర్వాతి మూడు పరీక్షల దాకా చెల్లుతుంది. కొత్త విధానంలో ఆ తర్వాత కూడా దాన్ని శాశ్వతంగా ఉంచుకోవచ్చు. కానీ అలా ఉంచుకుంటే ఆ గ్రూపులో మిగిలిన ప్రతి పేపర్లోనూ 50 రావాలి, 40 సరిపోదు. బాగా ఆలోచించుకుని ఎంచుకోండి.

గడువులు కూడా బిగించారు. ఫౌండేషన్ రిజిస్ట్రేషన్ నాలుగేళ్ళు, దాన్ని పొడిగించరు. సీఏ ఇంటర్‌కి అయిదేళ్ళు, ఒక్కసారి మాత్రం పొడిగించుకోవచ్చు. ఫైనల్‌కి పదేళ్ళు. మన ఇళ్ళలో ఎవరో ఒక బాబాయి పదిహేనేళ్ళుగా సీఏ చదువుతున్నాడు అనే మాట వినపడేది, ఇకమీదట ఆ పరిస్థితి తగ్గుతుంది. పిల్లలకి ఇది ఒకరకంగా రక్షణే. వేరే దారి చూసుకోవాల్సిన వయసులో చూసుకుంటారు.

ఫైనల్ దాటలేకపోయినవాళ్ళకి కూడా ఈసారి ఒక ఏర్పాటు ఉంది. సీఏ ఇంటర్ రెండు గ్రూపులు పాసై, ట్రైనింగ్, ఆ కోర్సులు, మాడ్యూల్స్ పూర్తిచేసినవాళ్ళకి బిజినెస్ అకౌంటింగ్ అసోసియేట్ అని సర్టిఫికెట్ ఇస్తారు. దానితో ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టే హక్కు రాదు. ఉద్యోగానికి చూపించుకోవడానికి మాత్రం పనికొస్తుంది. నాకు ఈ మార్పు అన్నిటికంటే నచ్చింది. అయిదారేళ్ళు కష్టపడి, ఎంతో పని నేర్చుకుని, చేతిలో ఒక్క కాగితం లేకుండా ఇంటికెళ్ళిన పిల్లలు మా ఆఫీసు నుంచే ఉన్నారు.

ఇంకొకటి, సీఏ అయ్యాక ఒంగోలొచ్చి సొంతంగా బోర్డు పెట్టుకుందామనుకునేవాళ్ళకి. రెండేళ్ళ ట్రైనింగ్‌తో పాసైనవాళ్ళు ప్రాక్టీసు సర్టిఫికెట్ తీసుకోవాలంటే, పాసయ్యాక ఒక ఏడాది సీఏ ఆఫీసులో ఉద్యోగిగా అనుభవం ఉండాలి. తగ్గించిన ఏడాదిని ప్రాక్టీసు పెట్టేవాళ్ళ దగ్గర ఇలా మళ్ళీ అడుగుతున్నారు. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి ఈ షరతు లేదు.

నేను చెప్పాల్సింది చెప్పాను. ప్రశ్నలడగండి. మైకు అటు ఇవ్వండయ్యా.

(ఒక విద్యార్థి: సార్, నేను బీకాం ఫైనలియర్. ఫౌండేషన్ రాయకుండా చేరొచ్చు కదా?)

చేరొచ్చు నాయనా. కామర్స్ డిగ్రీలో 55 శాతం ఉంటే నేరుగా సీఏ ఇంటర్‌కి రిజిస్టర్ కావచ్చు. వేరే డిగ్రీలైతే 60 శాతం. ఫైనలియర్‌లో ఉండగానే తాత్కాలికంగా రిజిస్టర్ అయ్యే వీలుంది. కానీ పాత పద్ధతిలో ఇలా వచ్చినవాళ్ళు ముందే ఆర్టికల్‌షిప్‌లో చేరిపోయేవాళ్ళు, ఇప్పుడు అది లేదు. నువ్వూ 8 నెలలు చదివి రెండు గ్రూపులూ పాసయ్యాకే చేరాలి. నీ మార్కులు 55 దగ్గర ఊగిసలాడుతుంటే ముందు ఈ సెమిస్టర్ మీద మనసు పెట్టు.

(ఒక మహిళ: సార్, నేను 2019లో ఒక గ్రూపు పాసయ్యాను. పెళ్ళయి మానేశాను. బాబు స్కూలుకి వెళ్తున్నాడు. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?)

తప్పకుండా అమ్మా. మీరు మూడు పనులు చేయాలి. పోర్టల్‌లోకి వెళ్ళి మీ రిజిస్ట్రేషన్ గడువు ఉందా లేదా చూసుకోండి, లేకపోతే పునరుద్ధరణకి దరఖాస్తు పెట్టండి. తర్వాత ఏ పేపర్లకి మినహాయింపు ఉందో చూడండి. ఆర్టికల్‌షిప్‌లో చేరలేదు కాబట్టి మీకు ఇప్పుడు మూడేళ్ళు కాదు, రెండేళ్ళే. ఈ ఒక్క విషయంలో మార్పు మీకు కలిసొచ్చింది. 24 రోజులే సెలవు అన్నాను కదా, బాబు చిన్నవాడు కాబట్టి ఇంటికి దగ్గరగా ఉన్న ఆఫీసే చూసుకోండి. మీ ఆయన వచ్చారా? వస్తే ఆయనకి కూడా నేను చెప్తాను, ఆ రెండేళ్ళు ఇంటి పనిలో ఆయన చెయ్యి కూడా పడాలి.

(ఒక తండ్రి: మా అమ్మాయి ఇంటర్ సెకండియరండి, సీఈసీ. మాది కొండపి దగ్గర. పొగాకు అమ్మితేనే డబ్బులు. వేలం అయ్యాక కడదామంటే ఆలస్యమవుతుందా?)

మీ వేలం వేసవిలో ఉంటుంది, వేసవి పరీక్షకి రిజిస్ట్రేషన్ జనవరి 1 లోపు. ఆ రెండూ కలవవు. డబ్బు అప్పటికి సర్దుబాటు కాకపోతే అప్పు చేయొద్దు. మే 1 లోపు కట్టినా సెప్టెంబరు పరీక్ష ఉంది, ఏడాదికి మూడుసార్లు పెట్టడం వల్ల మీలాంటివాళ్ళకి పోయేది నాలుగు నెలలే. ఈలోపు అమ్మాయిని అకౌంటింగ్, లా మెటీరియల్ డౌన్‌లోడ్ చేసుకుని చదవమనండి, దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సెకండియర్ పరీక్షలు మార్చిలో అయిపోతాయి కాబట్టి ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పూర్తిగా చదువుకోవచ్చు. నిజానికి సీఈసీ పిల్లకి లెక్కల పేపరుకి ఆ టైము కావాలి కూడా. ఫారం నింపేటప్పుడు పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు ఎలా ఉందో అలాగే రాయించండి, ఆధార్‌లో ఇంటిపేరు వేరేగా ఉంటే ముందు అది సరిచేయించండి.